పాత కంప్యూటర్‌ను పక్కన పడేయాలా? ఉచిత ఓపెన్ సోర్స్ ఓఎస్‌కు మారొచ్చా? ఎవరికి ఏది సరిపోతుంది?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అయినా మర్నాడు ఏ కంప్యూటరూ ఆగిపోలేదు. ఎప్పటిలాగే ఆన్ అయింది, ఎప్పటిలాగే పనిచేసింది. అందుకే చాలా ఇళ్లలో ఈ విషయం ఎవరి దృష్టికీ రాలేదు.

కానీ అదే కంప్యూటర్‌లో నెట్ బ్యాంకింగ్ చేస్తాం. ఆదాయపు పన్ను రిటర్న్ వేస్తాం. పిల్లల ఈఏపీసెట్ దరఖాస్తు నింపుతాం. ఆధార్, పాన్, భూమి పత్రాల స్కాన్ కాపీలు దాచుకుంటాం. కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మరమ్మతు అందని కంప్యూటర్‌లో ఇవన్నీ చేయడం ఎంతవరకు క్షేమం?

కొత్త ల్యాప్‌టాప్ కొనలేని వాళ్లకు, కొనాల్సిన అవసరం లేని వాళ్లకు ఒక దారి ఉంది. అదే లినక్స్ ఆధారంగా పనిచేసే ఉచిత ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్. అయితే ఇది అందరికీ సరిపోదు. ఎవరు మారొచ్చు, ఎవరు మారకూడదు, మారేవాళ్లు ఏది ఎంచుకోవాలి, డేటా పోకుండా ఎలా మారాలి అన్నది ఇక్కడ వివరంగా చూద్దాం.

మీ ముందున్న దారులు ఏంటి?

మొదటిది, విండోస్ 11కు ఉచితంగా మారడం. దీనికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ సౌకర్యం, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ ఉండాలి. ప్రాసెసర్ విషయంలోనూ నిబంధన ఉంది. ఇంటెల్ అయితే చాలావరకు 8వ తరం నుంచి, ఏఎండీ అయితే రైజెన్ 2000 సిరీస్ నుంచి అనుమతిస్తున్నారు. అంతకంటే పాత కంప్యూటర్ ఎంత బాగా పనిచేస్తున్నా మైక్రోసాఫ్ట్ లెక్కలో అర్హత లేనట్టే. మీది అర్హత ఉన్నదో లేదో మైక్రోసాఫ్ట్ ఇచ్చే 'పీసీ హెల్త్ చెక్' యాప్‌తో తెలుసుకోవచ్చు. అర్హత ఉంటే, విండోస్‌తో మీకు ఇబ్బంది లేకపోతే, అన్నిటికంటే తేలికైన దారి ఇదే.

రెండోది, విండోస్ 10కే మరికొంతకాలం భద్రతా అప్‌డేట్లు తీసుకోవడం. ఇళ్లలో వాడేవారి కోసం మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 వరకు ఈ పథకం ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్‌లు సింక్ చేస్తే విడిగా డబ్బు కట్టక్కర్లేదు. ఇది శాశ్వత పరిష్కారం కాదు, ఆలోచించుకోవడానికి దొరికే వ్యవధి మాత్రమే.

మూడోది, కొత్త కంప్యూటర్ కొనడం. నాలుగోది, ఉన్న కంప్యూటర్‌లోనే లినక్స్ వేసుకోవడం.

'యాంటీవైరస్ ఉందిగా, ఏమవుతుంది?' అనేవాళ్లు ఉన్నారు. విండోస్ 10లోని డిఫెండర్‌కు కొత్త వైరస్‌ల సమాచారం 2028 అక్టోబర్ వరకు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పిన మాట నిజమే. కానీ యాంటీవైరస్ గుమ్మం దగ్గర కాపలా లాంటిది. గోడకే పడిన కన్నాన్ని అది పూడ్చలేదు. ఆ పని చేయాల్సింది ఓఎస్ అప్‌డేట్లే.

ఓపెన్ సోర్స్ ఓఎస్ అంటే ఏంటి?

ఒక సాఫ్ట్‌వేర్ ఎలా తయారైందో చెప్పే మూల కోడ్‌ను అందరికీ అందుబాటులో ఉంచి, చదవడానికి, మార్చుకోవడానికి, ఇతరులకు పంచడానికి అనుమతిస్తే దాన్ని ఓపెన్ సోర్స్ అంటారు. ఫిన్లాండ్‌లోని హెల్సింకి యూనివర్సిటీ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ కెర్నల్ దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. అంతకు ముందే, 1983లో, రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్లు దీనికి తోడయ్యాయి.

లినక్స్ మనకు కొత్తేమీ కాదు. చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది లినక్స్ కెర్నలే. ప్రపంచంలోని 500 అత్యంత వేగవంతమైన సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నవంబర్ జాబితా నుంచి లినక్స్‌తోనే నడుస్తున్నాయి.

మన దేశంలోనూ కేంద్ర ప్రభుత్వం 2015లో తన కార్యాలయాల కోసం ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వినియోగ విధానాన్ని ప్రకటించింది. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో కంప్యూటర్ పాఠాలు ఉబుంటు ఆధారంగా తయారుచేసుకున్న 'కైట్ గ్నూ లినక్స్' మీదే సాగుతున్నాయి. బడి పిల్లలు వాడగలిగినది ఇంట్లో పెద్దవాళ్లు నేర్చుకోలేనిదేమీ కాదు.

లినక్స్ కెర్నల్‌కు డెస్క్‌టాప్, బ్రౌజర్, ఆఫీస్ సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ వ్యవస్థ చేర్చి వాడుకోవడానికి వీలుగా ఇచ్చే పూర్తి ప్యాకేజీని 'డిస్ట్రో' అంటారు. ఇలాంటివి వందల్లో ఉన్నాయి. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. నిజానికి ఇంటి అవసరాలకు అన్నిటినీ పరిశీలించక్కర్లేదు. మూడు నాలుగు చూస్తే చాలు.

ముందు చేయాల్సిన పని.. ఒక జాబితా

ఏ డిస్ట్రో మంచిదని వెతకడానికి ముందు ఒక కాగితం తీసుకోండి. గత నెల రోజుల్లో ఇంట్లో ఎవరెవరు ఈ కంప్యూటర్‌లో ఏయే పనులు చేశారో రాయండి. నాన్నగారి బ్యాంకు పనులు, అమ్మ చూసే యూట్యూబ్, పిల్లల ప్రాజెక్టులు, మీ ఆఫీసు పని అన్నీ రావాలి. ప్రింటర్, స్కానర్ మోడల్ పేర్లు కూడా రాయండి. ఇప్పుడు వాటిని మూడు భాగాలుగా విడదీయండి.

ఒకటి, బ్రౌజర్‌లో జరిగిపోయేవి. జీమెయిల్, యూట్యూబ్, నెట్ బ్యాంకింగ్, రైల్వే టికెట్లు, డిజీలాకర్, పాస్‌పోర్ట్ దరఖాస్తు, వాట్సాప్ వెబ్, గూగుల్ డాక్స్ లాంటివి. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ లినక్స్‌కు ఉన్నాయి కాబట్టి వీటిలో పెద్దగా తేడా కనిపించదు. ఓటీటీలు కూడా బ్రౌజర్‌లోనే చూడొచ్చు. కొన్నింట్లో 4కే నాణ్యత మాత్రం రాదు.

రెండు, ప్రత్యామ్నాయం ఉన్నవి. వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్‌కు బదులు లిబ్రేఆఫీస్ వాడొచ్చు. వీడియోలకు వీఎల్‌సీ, ఫొటోలు సరిదిద్దడానికి జింప్, వీడియో ఎడిటింగ్‌కు కేడెన్‌లైవ్ ఉన్నాయి. జూమ్‌కు లినక్స్ యాప్ ఉంది. లిబ్రేఆఫీస్ మామూలు లేఖలు, మార్కుల పట్టికలకు చక్కగా సరిపోతుంది. మాక్రోలు నింపిన ఎక్సెల్ ఫైళ్లు, సంక్లిష్టమైన పవర్‌పాయింట్లు మాత్రం యథాతథంగా తెరుచుకోకపోవచ్చు.

మూడు, విండోస్ లేకుండా కుదరనివి. మీ జాబితాలో వీటిలో ఏదైనా ఉంటే ఆగి ఆలోచించండి.

- ట్యాలీ. లెక్కలు రాసేవాళ్లకు అది జీవనాధారం. ట్యాలీప్రైమ్ విండోస్ సాఫ్ట్‌వేర్.
- అను స్క్రిప్ట్, పేజ్‌మేకర్. తెలుగు డీటీపీ చేసేవాళ్లకు ఈ రెండూ విండోస్‌లోనే సాఫీగా నడుస్తాయి.
- ఫొటోషాప్, ప్రీమియర్ ప్రో లాంటి అడోబీ సాఫ్ట్‌వేర్లు. వీటికి లినక్స్ వెర్షన్లు లేవు.
- సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ తప్పనిసరి చేసే ఆన్‌లైన్ పరీక్షలు. ఇది లినక్స్‌లో పనిచేయదు.
- వలరెంట్ లాంటి ఆటలు. మోసాలను పట్టుకోవడానికి ఇందులో పెట్టిన వ్యవస్థ విండోస్‌ను మాత్రమే ఒప్పుకుంటుంది. స్టీమ్‌లోని చాలా ఆటలు మాత్రం ప్రోటాన్ అనే సౌకర్యం ద్వారా లినక్స్‌లోనూ ఆడుకోవచ్చు.

వైన్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో కొన్ని విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడపొచ్చు. అయితే రేపు ఉదయం కచ్చితంగా పూర్తిచేయాల్సిన పనిని దాని మీద ఆధారపడి పెట్టుకోవద్దు. ఇంటికి అన్నం పెట్టే సాఫ్ట్‌వేర్ ఈ మూడో భాగంలో ఉంటే విండోస్‌లోనే ఉండటం, లేదా రెండు ఓఎస్‌లూ పక్కపక్కన ఉంచుకోవడం మేలు.

ప్రభుత్వ సేవలు, డిజిటల్ సంతకం సంగతి?

పౌరుడిగా మీరు వాడే సేవల్లో ఎక్కువ భాగం వెబ్‌సైట్లే కాబట్టి ఇబ్బంది ఉండదు. ఈ-ఆధార్ పీడీఎఫ్ లినక్స్‌లోనూ తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ పద్ధతి కూడా అదే. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, ఆ పక్కన పుట్టిన సంవత్సరం. ఆదాయపు పన్ను రిటర్న్‌ను పోర్టల్‌లోనే ఆన్‌లైన్‌లో నింపి, ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించవచ్చు.

చిక్కు వచ్చేది మూడు చోట్ల. మొదటిది, యూఎస్‌బీ టోకెన్‌లో ఉండే డిజిటల్ సంతకం. టెండర్లు వేసేవాళ్లు, కంపెనీ డైరెక్టర్లు, ఆడిటర్లు దీన్ని వాడతారు. టోకెన్‌కు లినక్స్ డ్రైవర్ ఉన్నా, పోర్టల్ అడిగే సంతకం సాఫ్ట్‌వేర్ కూడా పనిచేయాలి. రెండోది, ఎక్సెల్ మాక్రోలతో నడిచే ఆఫ్‌లైన్ యుటిలిటీలు. వీటికి మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ కావాలి. మూడోది, వేలిముద్ర పరికరాలు. ఆధార్ ఆధారిత చెల్లింపులు, సేవల కేంద్రం నడిపేవాళ్లు పరికరం తయారీదారు లినక్స్‌కు సాఫ్ట్‌వేర్ ఇస్తున్నారో లేదో తెలుసుకోకుండా మారకూడదు.

మీ కంప్యూటర్ శక్తి ఎంత?

విండోస్‌లో 'సెట్టింగ్స్', 'సిస్టమ్', 'అబౌట్' లోకి వెళ్తే ర్యామ్ ఎంతో, 64-బిట్టా 32-బిట్టా అన్నది కనిపిస్తుంది.

- 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే కింద చెప్పిన ఏ డిస్ట్రో అయినా హాయిగా నడుస్తుంది.
- 4 జీబీ ఉంటే తేలికపాటి డెస్క్‌టాప్ ఎంచుకోండి. బ్రౌజర్‌లో ఒకేసారి ఇరవై ట్యాబ్‌లు తెరిచే అలవాటు మానుకోవాలి.
- 2 జీబీ మాత్రమే ఉంటే ఓఎస్ నడుస్తుంది కానీ ఇప్పటి వెబ్‌సైట్లు నడవడం కష్టం. ర్యామ్ పెంచే వీలుంటే ముందు ఆ పని చేయండి.
- 32-బిట్ ప్రాసెసర్ అయితే దాదాపు ప్రధాన డిస్ట్రోలన్నీ దాన్ని వదిలేశాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13తో ఆ సంస్థ కూడా 32-బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం ఆపేసింది. అలాంటి కంప్యూటర్‌ను ఇ-వ్యర్థాలు తీసుకునే అధీకృత కేంద్రానికి ఇవ్వడం మంచిది.

ఇంకో మాట. కంప్యూటర్ నత్తనడక నడవడానికి చాలాసార్లు కారణం ఓఎస్ కాదు, పాతకాలపు తిరిగే హార్డ్ డిస్క్. దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయిస్తే ఏ ఓఎస్ వాడినా తేడా వెంటనే తెలుస్తుంది.

ఇంతకీ ఏది ఎంచుకోవాలి?

లినక్స్ మింట్: మొదటిసారి మారేవాళ్లలో ఎక్కువమందికి మేం సూచించేది ఇదే. 2006లో మొదలైన ఈ డిస్ట్రో ఉబుంటు ఎల్‌టీఎస్ మీద ఆధారపడి తయారవుతుంది. కింద టాస్క్‌బార్, ఎడమ మూల మెనూ, కుడి వైపు గడియారం. విండోస్ 7, 10 వాడిన చేతికి వెంటనే అలవాటైపోతుంది. లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్ ముందే ఉంటాయి. ఇందులో మూడు రకాలున్నాయి. మంచి కంప్యూటర్‌కు సినమన్, 4 జీబీ ర్యామ్ ఉన్నదానికి ఎక్స్‌ఎఫ్‌సీఈ, మధ్యస్థంగా మాటే. కనీసం 2 జీబీ ర్యామ్, 20 జీబీ స్థలం కావాలని మింట్ చెబుతోంది. 4 జీబీ, 100 జీబీ ఉంటే సౌకర్యం. మింట్ 22 సిరీస్‌కు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి.

జోరిన్ ఓఎస్: చూపులకు విండోస్‌లా ఉండాలి, అందంగానూ ఉండాలి అనుకునేవాళ్లకు ఇది నచ్చుతుంది. ఐర్లాండ్‌లో తయారయ్యే ఈ డిస్ట్రో 2009 నుంచి ఉంది. విండోస్ సెటప్ ఫైల్‌ను తెరవబోతే, దానికి సరిపోయే లినక్స్ యాప్ ఏదో చాలా సందర్భాల్లో అదే సూచిస్తుంది. విండోస్ 10 సపోర్ట్ ముగిసిన రోజే జోరిన్ ఓఎస్ 18 విడుదలైంది. వెబ్‌సైట్‌లో ముందుగా కనిపించే 'ప్రో' వెర్షన్‌కు డబ్బు కట్టాలి. ఇంటి అవసరాలకు ఉచితంగా ఇచ్చే 'కోర్' సరిపోతుంది.

ఉబుంటు: 2004 నుంచి ఉన్న ఉబుంటు బాగా పేరున్న డిస్ట్రో. కనోనికల్ అనే సంస్థ దీన్ని నిర్వహిస్తోంది. ఏ సమస్య వచ్చినా ఇంటర్నెట్‌లో సమాధానం దొరకడం దీని బలం. ఇంజినీరింగ్, కోడింగ్ చదివే పిల్లలున్న ఇంటికి మంచి ఎంపిక. డెస్క్‌టాప్ తీరు మాత్రం విండోస్‌లా ఉండదు, కొంత అలవాటు పడాలి. ప్రతి రెండేళ్లకు ఏప్రిల్‌లో ఎల్‌టీఎస్ వెర్షన్ వస్తుంది. దానికి ఐదేళ్లు అప్‌డేట్లు ఉంటాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'ఎక్స్‌టెండెడ్ సెలెక్షన్' ఎంచుకుంటేనే లిబ్రేఆఫీస్ కూడా వస్తుంది. 

లుబుంటు, జుబుంటు: ఉబుంటుకు తేలికపాటి రూపాలివి. పాత కంప్యూటర్లకు బాగుంటాయి. అయితే వీటి ఎల్‌టీఎస్ వెర్షన్లకు మూడేళ్లే అప్‌డేట్లు. మళ్లీ మళ్లీ మార్చే ఓపిక లేకపోతే మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వైపు వెళ్లండి.

ఫెడోరా: మంచి డిస్ట్రోనే. కానీ సుమారు ఆరు నెలలకో కొత్త వెర్షన్, ఒక్కో వెర్షన్‌కు దాదాపు 13 నెలల సపోర్ట్. అమ్మానాన్నల కంప్యూటర్‌కు కాకుండా, కొత్తవి ప్రయత్నించే ఆసక్తి ఉన్నవాళ్లకు సరిపోతుంది.

మన దేశంలో తయారైనవి లేవా? ఉన్నాయి. సీ-డాక్ రూపొందించిన బాస్, అంటే భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్, డెబియన్ ఆధారంగా పనిచేస్తుంది. తెలుగు సహా భారతీయ భాషలకు ప్రాధాన్యం ఇచ్చింది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగు ఓఎస్‌ను తీసుకొచ్చింది. ఆసక్తి ఉంటే తప్పకుండా చూడండి. అయితే ఇంట్లో ఒక్కటే కంప్యూటర్ ఉండి, చెప్పేవాళ్లు దగ్గర్లో లేకపోతే, సాయం ఎక్కువగా దొరికే మింట్ లేదా ఉబుంటుతో మొదలుపెట్టడం సులువు.

'కొత్త వెర్షన్ అయితే మంచిది కదా' అన్న ఆలోచన ఇక్కడ పనికిరాదు. ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగదారి పెట్టిన సంగతి 2024 మార్చిలో బయటపడింది. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందెందుకని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ దాన్ని పట్టుకున్నారు. అప్పటికి అది చేరింది డిస్ట్రోల తాజా, ప్రయోగదశ వెర్షన్లలోకే. నెమ్మదిగా నడిచే స్థిరమైన వెర్షన్లు తప్పించుకున్నాయి. ఓపెన్ సోర్స్‌లోనూ ప్రమాదాలు ఉంటాయి, కోడ్ బయట ఉండటం వల్లే అవి బయటపడే అవకాశమూ ఉంటుంది. ఇంటికి మాత్రం ఎల్‌టీఎస్ వెర్షనే ఎంచుకోండి.

తెలుగు సరిగ్గా వస్తుందా?

వెబ్‌సైట్లలో, వాట్సాప్‌లో వాడే యూనికోడ్ తెలుగు ఇబ్బంది లేకుండా కనిపిస్తుంది. లోహిత్, నోటో ఫాంట్లతో పాటు పోతన, వేమన ఫాంట్లను కూడా సాఫ్ట్‌వేర్ స్టోర్ నుంచి తెచ్చుకోవచ్చు.

టైపింగ్‌కు ఉబుంటులో 'సెట్టింగ్స్', 'కీబోర్డ్' లోకి వెళ్లి 'ఇన్‌పుట్ సోర్సెస్' కింద తెలుగు జోడించాలి. ఆ తర్వాత విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే ఇంగ్లిష్, తెలుగు మారతాయి. మింట్‌లో 'ఇన్‌పుట్ మెథడ్' అనే విభాగం ఉంటుంది. ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ ఉంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించే అలవాటు ఉన్నవాళ్లకు ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ పద్ధతులు ఉన్నాయి. ఫోన్‌లోని జీబోర్డ్ మాదిరి పదాలు ఊహించి ఇవ్వవు. కాబట్టి మొదటి వారం కాస్త నెమ్మదిగా సాగుతుంది.

రెండు జాగ్రత్తలు. అను ఫాంట్లలో చేసిన పాత ఫైళ్లు లినక్స్‌లో అర్థంకాని గుర్తుల్లా కనిపిస్తాయి. ముందే యూనికోడ్‌లోకి మార్చుకోండి, లేదా పీడీఎఫ్‌గా దాచుకోండి. అలాగే మైక్రోసాఫ్ట్ గౌతమి ఫాంట్‌తో చేసిన లేఖలు తెరుచుకుంటాయి కానీ ఆ ఫాంట్ లినక్స్‌తో రాదు కాబట్టి పంక్తులు అటూ ఇటూ జరగొచ్చు.

ఇన్‌స్టాల్ చేయకుండానే ఎలా పరీక్షించాలి?

లినక్స్‌లో ఉన్న గొప్ప సౌలభ్యం ఇదే. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు. మీ హార్డ్ డిస్క్ జోలికి వెళ్లదు.

1. 8 జీబీ లేదా అంతకంటే పెద్ద పెన్‌డ్రైవ్ తీసుకోండి. అందులోని ఫైళ్లన్నీ చెరిగిపోతాయి కాబట్టి ముందే కాపీ చేసుకోండి.

2. డిస్ట్రో అధికారిక వెబ్‌సైట్ నుంచి మాత్రమే ఐఎస్ఓ ఫైల్ డౌన్‌లోడ్ చేయండి. టెలిగ్రామ్ గ్రూపులు, యూట్యూబ్ వీడియో కింద ఇచ్చే లింకులు వద్దు.

3. డౌన్‌లోడ్ అయిన ఫైల్ అసలైనదో కాదో చూడండి. 2016 ఫిబ్రవరిలో హ్యాకర్లు లినక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకి చొరబడి, కలుషితమైన ఫైల్‌కు దారి మళ్లించారు. అందుకే వెబ్‌సైట్‌లో ఇచ్చే షా-256 సంఖ్యను మీ ఫైల్ సంఖ్యతో సరిపోల్చాలి. విండోస్‌లో 7-జిప్ ఉంటే ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ఈ సంఖ్య చూడొచ్చు. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ ఫైల్ వాడొద్దు.

4. రూఫస్ లేదా బలేనా ఎచర్ సాఫ్ట్‌వేర్‌తో ఐఎస్ఓను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. మామూలుగా కాపీ, పేస్ట్ చేస్తే పనిచేయదు.

5. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి బూట్ మెనూ కీ నొక్కండి. డెల్, లెనోవోలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, అసుస్‌లో ఎస్కేప్. అక్కడ పెన్‌డ్రైవ్ ఎంచుకోండి.

డెస్క్‌టాప్ వచ్చాక తొందరపడి ఇన్‌స్టాల్ నొక్కకండి. కనీసం ఒక సాయంత్రమంతా వాడి చూడండి. వైఫై తగులుతోందా? శబ్దం వస్తోందా? కెమెరా, బ్లూటూత్, స్క్రీన్ వెలుగు తగ్గించే కీలు పనిచేస్తున్నాయా? ల్యాప్‌టాప్ మూత మూసి తెరిస్తే మేల్కొంటోందా? పెన్‌డ్రైవ్ మీద నడుస్తోంది కాబట్టి కాస్త నెమ్మదిగా ఉండటం సహజం.

ప్రింటర్‌ను తప్పకుండా పరీక్షించండి. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు సులువుగా కలుస్తాయి. వైఫైతో పనిచేసే కొత్త మోడళ్లకు విడిగా డ్రైవర్ కూడా అక్కర్లేదు. మన దగ్గర ఎన్నో ఇళ్లలో, జిరాక్స్ షాపుల్లో కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900 లాంటి పాత మోడళ్లు మాత్రం లినక్స్‌లో ఇబ్బంది పెడతాయి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు.. డేటా పోకుండా

ఈ మొత్తం వ్యవహారంలో తిరిగి తెచ్చుకోలేని నష్టం ఏదైనా ఉంటే అది ఫొటోలు, పత్రాలు పోవడమే. అందుకే ముందు బ్యాకప్. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి అన్నీ కాపీ చేసి, వేరే కంప్యూటర్‌లో నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు మరచిపోవద్దు. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లలోనే ముఖ్యమైనవి ఉండిపోతుంటాయి.

విండోస్‌లో బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసి పెట్టుకోండి. అది లేకపోతే విండోస్ మళ్లీ తెరుచుకోకపోవచ్చు. రెండు ఓఎస్‌లూ ఉంచుకోవాలనుకుంటే కంట్రోల్ ప్యానెల్‌లోని 'ఫాస్ట్ స్టార్టప్' ఆపేయండి.

ఇన్‌స్టాలర్ ఒక చోట రెండు దారులు చూపిస్తుంది. విండోస్ పక్కనే ఉంచి ఇన్‌స్టాల్ చేయడం ఒకటి, డిస్క్ మొత్తం చెరిపేసి ఇన్‌స్టాల్ చేయడం ఇంకొకటి. 'ఎరేజ్ డిస్క్' అన్నది ఎంచుకుంటే విండోస్, డీ డ్రైవ్, ఈ డ్రైవ్ అన్నీ పోతాయి. 'సీ డ్రైవ్ ఒక్కటే కదా పోయేది' అనుకుని పిల్లల చిన్ననాటి ఫొటోలు పోగొట్టుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టి ఉంచండి. మధ్యలో కరెంటు పోతే డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు ఇబ్బంది కాబట్టి యూపీఎస్ ఉంటే మంచిది.

మొదటిసారి అయితే రెండు ఓఎస్‌లూ పక్కపక్కన ఉంచుకుని, రెండు మూడు నెలలు గడిచాక నిర్ణయం తీసుకోండి. ఆ వ్యవధిలో విండోస్ 10ను ఇంటర్నెట్ అక్కర్లేని పనులకే వాడండి.

మారిన తర్వాత పాటించాల్సినవి

అప్‌డేట్లు వచ్చాయని చూపించినప్పుడు వాయిదా వేయకండి. భద్రత కోసమే కదా మారింది! మింట్‌లో 'టైమ్‌షిఫ్ట్' ఆన్ చేయండి. ఏదైనా అప్‌డేట్ వికటిస్తే సిస్టమ్‌ను పాత స్థితికి తెస్తుంది. అయితే అది మామూలుగా మీ ఫొటోలను, పత్రాలను బ్యాకప్ చేయదు. ఆ పని విడిగా చేసుకోవాల్సిందే.

యాప్‌లు కావాలంటే సాఫ్ట్‌వేర్ స్టోర్‌లోనే వెతకండి. ఎవరో చెప్పారని టెర్మినల్‌లో అర్థంకాని కమాండ్లు అతికించి పాస్‌వర్డ్ కొట్టకండి. ఇంటి తాళం అపరిచితుడి చేతికి ఇచ్చినట్టే.

లినక్స్‌కు వైరస్‌లు రావన్నది అపోహ. ఇళ్లలోని లినక్స్ కంప్యూటర్లను లక్ష్యంగా చేసుకునేవి తక్కువ, అంతే. నకిలీ బ్యాంకు వెబ్‌సైట్‌లో మీరే ఓటీపీ కొడితే ఏ ఓఎస్ కూడా కాపాడలేదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

తరచూ వచ్చే సందేహాలు

నచ్చకపోతే మళ్లీ విండోస్ వేసుకోవచ్చా? వేసుకోవచ్చు. ఆ కంప్యూటర్‌లో విండోస్ 10 డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయి ఉంటే, అదే ఎడిషన్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ఇంటర్నెట్‌కు కలిపితే సాధారణంగా తానే యాక్టివేట్ అవుతుంది. మారేముందే విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ ఒకటి చేసి పెట్టుకోండి.

టెర్మినల్, కమాండ్లు నేర్చుకోవాలా? బ్రౌజింగ్, టైపింగ్, వీడియోలకు అక్కర్లేదు. అన్నీ మౌస్‌తోనే చేయొచ్చు.

షాపులో వేయించుకోవచ్చా? వేయించుకోవచ్చు. కానీ ఏ డిస్ట్రో, ఏ వెర్షన్ వేశారో, పాస్‌వర్డ్ ఏమిటో రాయించుకోండి. ఇంటికి వచ్చాక పాస్‌వర్డ్ మార్చుకోండి. బ్యాకప్ మాత్రం షాపు వాళ్లకు వదలకుండా మీరే తీసుకుని వెళ్లండి.

క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ ఎలా ఉంటుంది? గూగుల్ ఇచ్చే ఉచిత ఓఎస్ ఇది. అంతా బ్రౌజర్‌లోనే చేసుకునేవాళ్లకు సరిపోతుంది. అయితే గూగుల్ ఖాతా మీద ఎక్కువగా ఆధారపడుతుంది, పూర్తిగా ఓపెన్ సోర్స్ కాదు.

ఒక్క మాటలో చెప్పాలంటే..

పనులన్నీ బ్రౌజర్‌లో, మామూలు ఆఫీస్ ఫైళ్లలో జరిగిపోయే ఇంటికి లినక్స్ మింట్. విండోస్ రూపం పోకూడదనుకుంటే జోరిన్ కోర్. చదువుకునే పిల్లలు కోడింగ్ చేస్తుంటే ఉబుంటు ఎల్‌టీఎస్. ర్యామ్ 4 జీబీ దాటకపోతే మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ. ట్యాలీ, అను, డిజిటల్ సంతకం, వేలిముద్ర పరికరం మీద బతుకుతెరువు ఆధారపడి ఉంటే తొందరపడకుండా విండోస్ 11 కంప్యూటర్ వైపు చూడండి. పాతదానిలో లినక్స్ వేసి ఇంట్లో చదువుకు, వినోదానికి వాడుకోండి.

ఏ దారి ఎంచుకున్నా, అప్‌డేట్లు ఆగిపోయిన కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేస్తూ పోవడం మాత్రం వద్దు. ఈ ఆదివారం ఒక పెన్‌డ్రైవ్, ఒక సాయంత్రం కేటాయిస్తే మీ పాత కంప్యూటర్ ఇంకెన్నాళ్లు పనికొస్తుందో మీకే తెలుస్తుంది.